డిగ్రీ లేకుండా మంచి జీతం: మీరు చూసినవి చెప్పండి

తుని_శ్రీను: మా తమ్ముడు పదో తరగతి పాసయ్యాడు, ఇంటర్ మధ్యలో మానేశాడు. మళ్లీ కాలేజీ అంటే ససేమిరా అంటున్నాడు. ఇంట్లో మోటారు చెడిపోతే మాత్రం వాడే విప్పి బాగుచేస్తాడు. "డిగ్రీ లేకపోతే ఉద్యోగం ఎవడిస్తాడ్రా" అని నాన్న రోజూ గొడవ. డిగ్రీ లేకుండా బాగా సంపాదిస్తున్నవాళ్లు ఏం చేశారో చెప్పండి. యూట్యూబ్ ఛానెల్ పెట్టమనే సలహాలు వద్దు, దండం పెడతా.

గాజువాక_వెల్డర్: ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ ఏడాదే. కానీ ఆ సర్టిఫికెట్ ఒక్కటే పట్టుకుని వెళ్తే షెడ్డులో హెల్పర్ కూలీ ఇచ్చి గ్రైండింగ్ చేయిస్తారు. డబ్బు మారేది 6జీ అనే పైపు వెల్డింగ్ టెస్ట్ పాసయ్యాకే. పైపుని 45 డిగ్రీల వాలులో బిగిస్తారు. దాన్ని తిప్పకూడదు, మనమే చుట్టూ తిరుగుతూ వెల్డింగ్ చేయాలి. లోపలి మొదటి పొర (రూట్) టిగ్‌తో, అంటే గ్యాస్ రక్షణలో చేసే వెల్డింగ్‌తో, పైన ఆర్క్‌తో, అంటే మామూలు రాడ్ వెల్డింగ్‌తో. తర్వాత ఎక్స్‌రే తీస్తారు, లోపం బయటపడితే ఫెయిల్. రిఫైనరీల్లో, పవర్ ప్లాంట్లలో షట్‌డౌన్ పనులకు (ప్లాంటు ఆపి చేసే రిపేర్లకు) ఇలా పాసైనవాళ్లనే పిలుస్తారు. నన్ను డిగ్రీ ఉందా అని అడిగినవాడు లేడు. అయితే షట్‌డౌన్లు లేని నెలల్లో ఖాళీగా కూర్చోవాలి, నెల జీతంలా లెక్క వేసుకోవద్దు. పొగ పీల్చే పని కూడా. మాస్క్ ఇవ్వని చోట చేరనివ్వకండి.

కాజీపేట_రన్నింగ్: ఎలక్ట్రీషియన్ గానీ ఫిట్టర్ గానీ రెండేళ్లు చేయించండి. పది ప్లస్ ఐటీఐతో రైల్వేలో అసిస్టెంట్ లోకో పైలట్‌కి అర్హత వస్తుంది. బేసిక్ 19,900 దగ్గర మొదలు. డీఏ, నడిపిన కిలోమీటర్ల అలవెన్సు అదనం. రాత పరీక్షలు, ఆప్టిట్యూడ్ టెస్ట్ గురించి కోచింగ్ వాళ్లు ఎలాగూ చెప్తారు. వాళ్లు చెప్పనిది మెడికల్. అద్దాలు లేకుండా రెండు కళ్లూ 6/6 ఉండాలి, రంగులు తేడా లేకుండా పోల్చుకోవాలి. అద్దాలు పోవడానికి లేసిక్ (లేజర్ కంటి ఆపరేషన్) చేయించుకున్నవాళ్లను తీసుకోరు. అన్నీ పాసై అక్కడ ఆగిపోయిన కుర్రాళ్లను చూశాను. ఫీజు కట్టకముందే కంటి డాక్టరుకి చూపించండి. ఇక పండగలు ఇంట్లో చేసుకోవడం మర్చిపోవాల్సిందే.

బాలానగర్_టూల్‌రూమ్: మోటారు విప్పే పిల్లాడంటే నా ఓటు సీఐటీడీకి, అంటే మా బాలానగర్‌లోని కేంద్ర ప్రభుత్వ టూల్ డిజైన్ సంస్థకి. పది తర్వాత ఎంట్రన్స్ రాసి టూల్, డై, మోల్డ్ మేకింగ్ (ఫ్యాక్టరీ పనిముట్లు, అచ్చుల తయారీ) డిప్లొమా చేయొచ్చు, నాలుగేళ్లు. ఆకురాయి పట్టుకునే ఓపిక ఉంటేనే.

జగిత్యాల_అన్న: గల్ఫ్ మాట ఎవరూ ఎత్తలేదేం? శ్రీనూ, తమ్ముడు పది పాస్ కాబట్టి పాస్‌పోర్టులో ఈసీఆర్ (పనికి వెళ్లేముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాలనే ముద్ర) ఇబ్బంది ఉండదు. కానీ పని నేర్చుకోకుండా పంపొద్దు. లేబర్ వీసా మీద వెళ్లినవాడికీ ట్రేడ్ టెస్ట్ పాసై పైప్ వెల్డర్‌గా వెళ్లినవాడికీ జీతంలో పోలికే లేదు. ఏజెంటు పేరు కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ సైట్‌లో ఉందో లేదో చూడండి. రూల్ ప్రకారం అతను తీసుకోవాల్సింది 30,000, పైన జీఎస్టీ. మా వైపు లక్షలు కట్టి అప్పుల్లో పడ్డవాళ్లున్నారు. "ముందు విజిట్ వీసా మీద వెళ్లు, అక్కడ మారుస్తాం" అంటే లేచి వచ్చేయండి.

పద్మ_హనుమకొండ: అన్నీ బాగానే ఉన్నాయి గానీ, పెళ్లి సంబంధాలప్పుడు మొదటి ప్రశ్న "ఏం చదివాడు" అనే కదా? డిప్లొమా చేసి ఈసెట్ ఎంట్రన్స్ రాస్తే బీటెక్ రెండో ఏడాదిలో చేరొచ్చు. ఆ దారి కూడా తమ్ముడికి చెప్పండి.

గాజువాక_వెల్డర్: పద్మగారూ, మా మామగారు అడిగింది జీతమే 😀

తుని_శ్రీను: అందరికీ థ్యాంక్స్. వాడు వెల్డింగే అంటున్నాడు. మా దగ్గర ప్రైవేటు ఐటీఐలు చాలా ఉన్నాయి, ఎలా ఎంచుకోవాలి?

గాజువాక_వెల్డర్: ప్రభుత్వ ఐటీఐలో సీటు దొరుకుతుందేమో ముందు చూడండి. ప్రైవేటు అయితే కేంద్ర ప్రభుత్వ (డీజీటీ) గుర్తింపు ఉందో లేదో కనుక్కోండి. తర్వాత ప్రాక్టికల్ టైములో చెప్పకుండా వెళ్లి, మిషన్లు ఎన్ని నడుస్తున్నాయో, పిల్లలకి రోజుకి ఎన్ని వెల్డింగ్ రాడ్లు ఇస్తున్నారో అడగండి. రాడ్ల దగ్గర పిసినారితనం చేసే చోట చేర్పించకండి.