మగ పిల్లి మాటిమాటికీ ట్రేలో (మలమూత్రాలకు పెట్టే ఇసుక ట్రే) కూర్చుంటోంది, చుక్క కూడా రావట్లేదు

ప్రశ్న: నాలుగేళ్ల మగ పిల్లి, 5 కిలోలు, డ్రై ఫుడ్ మాత్రమే తింటుంది. పొద్దుటి నుంచి ట్రేలో ముక్కుతూ అరుస్తోంది. మలబద్ధకమా?

జవాబు: అలా అనుకునే చాలామంది ఆలస్యం చేస్తారండీ. మూత్రనాళం మూసుకుపోయి ఉండొచ్చు. మగ పిల్లికి ఆ నాళం చివర బాగా సన్నం. స్ఫటికాలు, జిగురు కలిసి బిరడాలా అడ్డుపడతాయి. మూత్రం నిలిచిపోతే రక్తంలో పొటాషియం పెరిగి గుండె ఆగుతుంది, ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోవచ్చు. పొట్ట నొక్కకండి, మూత్రాశయం చిట్లగలదు. పారాసిటమాల్ అసలు వద్దు, పిల్లికి విషం. ఇప్పుడే పశువైద్యుడి దగ్గరికి బయల్దేరండి.

జవాబు: గండం గడిచాక నీళ్ల సంగతి చూడండి. ఈ బరువుకి తిండిలో తేమతో కలిపి రోజుకు సుమారు 250 మి.లీ. కావాలి. డ్రై ఫుడ్‌లో తేమ దాదాపు 10 శాతమే, వెట్ ఫుడ్‌లో 75కు పైనే.

ప్రశ్న అడిగినవారు: బయల్దేరాం. రాళ్లుంటే తిండితో కరుగుతాయా?

జవాబు: స్ట్రువైట్ రకం రాయి అయితే డాక్టర్ రాసే ప్రత్యేక ఆహారంతో కరుగుతుంది, కాల్షియం ఆక్సలేట్ రకం కరగదు. ఏడేళ్లు దాటాక కిడ్నీల పనితీరు తెలిసేలా ఏటా రక్తంలో క్రియాటినిన్, మూత్ర సాంద్రత పరీక్షలు చేయించండి. బొకేల్లో పెట్టే పెద్ద లిల్లీలు (మన దండల్లో గుచ్చేవి కావు) ఇంట్లోకి తేవద్దు. పుప్పొడి నాకినా కిడ్నీలు పాడవుతాయి.