కెన్షిన్ ఐదూ అయిపోయాయి, మాంగా (జపనీస్ కామిక్స్) నుంచి తీసిన సమురాయ్ సినిమాలు ఇంకేం ఉన్నాయి?

కృష్ణలంక కార్తీక్
రురౌని కెన్షిన్ ఐదు సినిమాలూ వరసగా చూసేశాను, మాంగా చదవలేదు. మాంగా నుంచి నటీనటులతో తీసిన సమురాయ్ సినిమాలు ఇంకా ఉంటే చెప్పండి. గ్రాఫిక్స్ తక్కువ, కత్తి పని ఎక్కువ ఉండాలి. మా తమ్ముడు పదో తరగతి, వాడితో కలిసి చూడగలిగేవైతే మరీ మంచిది. ఇంగ్లీషు డబ్బింగ్ పర్లేదా, జపనీస్‌లోనే చూడాలా? నేనైతే చివరగా వచ్చిన, పాత కథ చెప్పే బిగినింగ్ ముందు చూసి తర్వాత 2012లో వచ్చిన మొదటి సినిమాకి వచ్చాను.

రోనిన్ రవి
బిగినింగ్ ముందు చూశావా? ఎవరు చెప్పారు బ్రో నీకు! కెన్షిన్ చెంప మీద ఆ ఇంటూ గుర్తు మచ్చ ఎలా వచ్చిందన్నది మొదటి సినిమా నుంచి లాక్కొచ్చిన ప్రశ్న. 2021లో నాలుగోదైన ఫైనల్ ఏప్రిల్‌లో, బిగినింగ్ జూన్‌లో వదిలారంటే ఊరికే కాదు. ఫైనల్‌లో విలన్ ఎనిషి పగ చూసి, కెన్షిన్ భార్య తొమోయె పేరు విని, ఆ తర్వాత ఆమె మంచులో నడిచొస్తుంటే జరగబోయేది తెలిసి గుండె ఆగిపోవాలి. అదంతా పోగొట్టుకున్నావు.

లలిత, విశాఖ
నేను ఒప్పుకోను రవి గారూ. బిగినింగ్ కథ 1864 క్యోటోలో, షోగన్ తరఫు కత్తివీరుల దళం షిన్సెన్‌గుమి ఇకెదాయ సత్రం మీద పడిన కాలంలో జరుగుతుంది. అది ముగిసేది తోబా-ఫుషిమి యుద్ధం దగ్గర, 2012 సినిమా మొదలయ్యేదీ అక్కడే. ఇంత చక్కగా అతుకుతుంటే వెనక నుంచి ఎందుకు చూడాలి? కెన్షిన్ చేతులు కట్టేసి ఉన్నా కత్తి నోట కరిచి మనుషుల్ని నరికిన వాడని ముందే చూస్తే, పదేళ్ల తర్వాత పదును లోపలివైపు ఉన్న కత్తి పట్టుకుని నవ్వుతూ తిరుగుతున్నప్పుడు ఆ నవ్వు వెనక ఏముందో ప్రతి సీన్‌లో తెలుస్తుంది. మా చెల్లికి ఈ వరసలోనే చూపించాను, సగంలోనే ఏడ్చేసింది.

రోనిన్ రవి
ఏడవడం కొలత కాదండీ. డైరెక్టర్ ఒక వరస పెట్టుకున్నాడు, దాన్ని మనం మార్చడమేంటి?

రోప్ శీను
వరస గొడవ ఆపి ఫైట్ల గురించి మాట్లాడండి. నేను హైదరాబాద్‌లో ఫైట్ మాస్టర్ దగ్గర రోప్ పని చేస్తాను, ఏ షాట్‌లో తాడు ఉందో లేదో చూడగానే చెప్పగలను. కెన్షిన్‌లోనూ తాడు ఉంది, కానీ మనిషిని గాల్లో నిలబెట్టడానికి కాదు, పరుగుకి ఊపు ఇవ్వడానికి. ఫైట్లు కట్టిన కెంజి తనిగాకి హాంకాంగ్‌లో యాక్షన్ హీరో డానీ యెన్ దగ్గర ఏళ్ల తరబడి పనిచేసి వచ్చినవాడు, అందుకే ఫైట్ కింద నేల మీద ఉంటుంది. వంగి పరిగెత్తడం, జారడం, గోడ పట్టుకుని తిరగడం. కెన్షిన్‌గా చేసిన టకేరు సతో చాలావరకు డూప్ లేకుండా చేశాడు కాబట్టే కెమెరా మొహం మీద ఉంచగలిగారు. మూడో సినిమాలో ఓడ మీద, విలన్ షిషియో మనిషి సోజిరోతో ఫైట్ మళ్లీ చూడండి, ఇద్దరి కాళ్లు మాత్రమే చూడండి.

మాంగా మురళి
కాళ్లు బాగున్నాయి సరే, కథ సంగతేంటి? షిషియో మీదకి కెన్షిన్‌తో సహా నలుగురూ కలిసి దూకడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. మాంగాలో ఒకరి తర్వాత ఒకరు వస్తారు, ఒక్కొక్కరూ పడిపోతుంటే భయం పెరుగుతుంది. సినిమాలో గుంపు కొట్లాట అయిపోయింది.
కార్తీక్, బ్లేడ్ ఆఫ్ ది ఇమ్మోర్టల్ జోలికి మాత్రం పోకు. మాంగా రచయిత సమురా 1993 నుంచి 2012 దాకా గీసిన 30 సంపుటాల్ని డైరెక్టర్ తకాషి మీకే ఒక్క సినిమాలో పెట్టాడు. పది రోజుల జాతరని ఒక్క పూటలో ముగించినట్టుంది. శత్రువు వస్తాడు, పేరు చెప్తాడు, చస్తాడు.

లలిత, విశాఖ
మొదట్లో నలుపు తెలుపులో వచ్చే ఆ గొడవ ఒక్కటి చాలు, 2017లో ఆ సినిమాని కాన్ చిత్రోత్సవంలో చూపించింది ఊరికే కాదు. చావు రాకపోవడం హీరో మాంజికి శిక్ష అన్న విషయం ఆ పాత్ర చేసిన తకుయా కిమురా మొహంలో కనపడుతుంది. మాంగాలో ప్రతి పేజీ తెర మీదకి రావాలంటే మాంగానే చదువుకోండి.

మాంగా మురళి
చదివాను కాబట్టే బాధ. చదవనివాళ్లు చదివినవాళ్లకి చెప్పడం మొదలుపెడితే ఇక చర్చ ఎందుకు?

లలిత, విశాఖ
నేను చదవలేదని మీకెవరు చెప్పారు? 30 సంపుటాలూ చదివాను. మాట జాగ్రత్త.

పాతబొమ్మ
ఇద్దరూ కాస్త ఆగండి. 1970లలోకి వెళ్లకుండా ఈ మాట పూర్తి కాదు. లోన్ వుల్ఫ్ అండ్ కబ్ మాంగా 1970లో మొదలైంది, రెండేళ్లకే సినిమా వచ్చేసింది. 1972 ఒక్క ఏడాదిలోనే నాలుగు, 1974కల్లా మొత్తం ఆరు. మాంగా రాసిన కజువో కోయికే మొదటి సినిమాకి స్క్రీన్‌ప్లే కూడా తనే రాశాడు, మురళి అడిగే న్యాయం అక్కడ దొరుకుతుంది. హీరో తొమిసబురో వకయామా లావుగా, మందంగా కనిపిస్తాడు, కత్తి తీస్తే కన్ను అందుకోలేదు. నాలుగింటికి డైరెక్టర్ కెంజి మిసుమి, నిశ్శబ్దాన్ని ఆయన వాడినట్టు ఇప్పుడు ఎవరూ వాడటం లేదు.

రోప్ శీను
ఆ రక్తం చిమ్మడం నమ్మేలా లేదు సార్, పంపు పెట్టి కొట్టినట్టుంది.

పాతబొమ్మ
నమ్మించడానికి కాదు బాబూ అది. కోయికే కథతోనే 1973లో వచ్చిన లేడీ స్నోబ్లడ్ చూడు. మంచు తెలుపు మీద ఆ ఎరుపు పడటం కోసమే షాట్ పెట్టారు. మెయికో కాజి కళ్లు ఒక్కసారి చూస్తే కిల్ బిల్ ఎక్కడి నుంచి వచ్చిందో అర్థమవుతుంది.

కృష్ణలంక కార్తీక్
తమ్ముడితో చూడొచ్చా ఇవి?

బెంగళూరు బుజ్జి
ఇనోవే గీసిన వాగబాండ్ మాంగాని సినిమా తీస్తారా లేదా ఎవరైనా చెప్పండి. 37 సంపుటాలు వచ్చి 2015లో ఆగిపోయింది, ఇనోవే మళ్లీ కుంచె పట్టే దాకా ఆశ లేదు నాకు.

పాతబొమ్మ
వాగబాండ్‌కి ఆధారం యోషికావా రాసిన ముసాషి అనే కత్తివీరుడి నవల. దాని మీద ఇనగాకి 1954 నుంచి 1956 దాకా మూడు సినిమాలు తీశాడు, తోషిరో మిఫునే హీరో, మొదటిదానికి ఆస్కార్ గౌరవ పురస్కారం వచ్చింది. ముందు అవి చూడు.

బెంగళూరు బుజ్జి
ఇనోవే గీసిన ముసాషి కావాలి సార్ నాకు, నవల ముసాషి కాదు. ఆ చేతుల మీద నరాలు, ఆ గడ్డి, ప్రత్యర్థి కొజిరో మాట్లాడలేకపోవడం, ఇవేవీ ఆ సినిమాల్లో ఉండవు.

రోనిన్ రవి
కార్తీక్, తమ్ముడితో అయితే లోన్ వుల్ఫ్, స్నోబ్లడ్ రెండూ వద్దు, అత్యాచారం సీన్లు ఉన్నాయి. 2017లో వచ్చిన గింతమా పెట్టు, షున్ ఒగురి చేశాడు. ఎదో నగరంలోకి (పాత టోక్యో) గ్రహాంతరవాసులు దిగిన కథ, కామెడీ ఎక్కువ, గ్రాఫిక్స్ కూడా ఎక్కువే, అది భరించు. ఏదైనా జపనీస్ ఆడియోలోనే చూడు, కెన్షిన్‌లో సైతోగా చేసిన ఎగుచి గొంతు డబ్బింగ్‌లో పోతుంది. అలాగే కెన్షిన్ వాడికి చూపిస్తే మాత్రం 2012 నుంచి మొదలుపెట్టు.

లలిత, విశాఖ
బిగినింగ్ నుంచి మొదలుపెట్టు కార్తీక్.