డల్లాస్, హ్యూస్టన్: హైస్కూల్ ఫుట్‌బాల్‌లో పోటీ ఎక్కడ ఎక్కువ?

ఉద్యోగం మారి డల్లాస్ దగ్గరి ఫ్రిస్కో నుంచి హ్యూస్టన్ దగ్గరి కేటీ వెళ్తున్నాం. మా వాడు తొమ్మిదో క్లాసు, అమెరికన్ ఫుట్‌బాల్‌లో లైన్‌బ్యాకర్ (డిఫెన్స్‌లో ఆడతాడు). అక్కడ టీమ్‌లో చోటు దొరుకుతుందో లేదోనని ఒకటే టెన్షన్. రాత్రిళ్లు కేటీ స్కూళ్ల మ్యాచ్ వీడియోలు ఆపి ఆపి చూస్తున్నాడు.

టెక్సస్‌లో పెద్ద స్కూళ్ల విభాగమైన 6ఏ డివిజన్ 1 ఫైనల్‌లో డల్లాస్ వైపు డంకన్‌విల్, హ్యూస్టన్ వైపు నార్త్ షోర్ 2018, 2019, 2021, 2022, 2023ల్లో తలపడ్డాయి. మొదటి మూడూ నార్త్ షోర్ గెలిచింది, తర్వాతి రెండూ డంకన్‌విల్. కానీ అవి కొమ్ములు తిరిగిన జట్లు. వాటిని బట్టి మొత్తం ప్రాంతాన్ని అంచనా వేయడం నాకు సబబుగా అనిపించట్లేదు. ప్లేఆఫ్స్‌లో తొలి రౌండ్లు దగ్గర్లోని జట్లతోనే కాబట్టి గెలుపోటములను బట్టీ తేలదు.

మామూలు స్కూళ్ల స్థాయిలో, ముఖ్యంగా డిఫెన్స్‌లో, పోటీ ఎక్కడ గట్టిది? రెండు చోట్లా పిల్లలను ఆడించినవాళ్లుంటే దయచేసి చెప్పండి. ఏ మ్యాచ్‌లు చూస్తే తేడా తెలుస్తుందో చెప్పినా చాలు.