‘పవనాంధోలోకం’లో ఆ సున్నా ఉండాలా?

నడిసంద్రం: పాపహానౌమోకువాకేయా మీద వ్యాసం రాస్తున్నాను. హవాయి దీవులకు వాయవ్యంగా 2006లో ఏర్పడి, 2016లో దాదాపు 15 లక్షల చదరపు కిలోమీటర్లకు పెరిగిన సముద్ర రక్షిత ప్రాంతం. వెలుతురు చొరని ఆ లోతుకి మంచి మాట కావాలి. గంగ ఆకాశం నుంచి మెట్టుమెట్టుగా దిగే "ఆకాశంబున నుండి" పద్యంలో చివర "అంధలోకముం జేరె" అని ఉంది కదా? రెండ్రోజులుగా నోట్లో నానుతోంది. "అంధలోకం" అని పెట్టేయనా?

యతిమైత్రి: భర్తృహరి శ్లోకాన్ని ఆ పద్యంగా తెలుగు చేసిన ఏనుగు లక్ష్మణకవి ఏం పాపం చేశాడండీ! "పయోధినుండి పవనాంధోలోకముం జేరె". పాదం "స్తో"తో మొదలైంది, యతిస్థానంలో "ధో" పడాల్సిందే, "ధ" చెల్లదు. అంధస్సు అంటే ఆహారం. గాలి తిని బతికేవి పాములు, వాటి లోకం పాతాళం. చీకటితో పనే లేదు.

తుమ్మెద: ఆ సున్నా అచ్చుతప్పేమో అని నాకెప్పటినుంచో అనుమానం. భర్తృహరి శ్లోకంలో "అధోఽధో గంగేయం" (కిందికి, ఇంకా కిందికి ఈ గంగ) అనే ఉంది. "పవనాధోలోకం" అన్నా యతి చెడదు. గణమూ చెడదు, "నా" ఎలాగూ గురువే.

యతిమైత్రి: గాలి కింది లోకమా? అయితే మనముంటున్నదీ అదే.

శార్దూలం: సున్నా దగ్గరే ఆగిపోయారేమిటి? శ్లోకంలో గంగ సముద్రంతో ఆగుతుంది. మనవాడు ఇంకో అంతస్తు దించాడు! పైగా "శతముఖః" (నూరు విధాల) అన్నదాన్ని "పెక్కు భంగులు" అన్నాడు. భంగి అంటే అల కూడాను. గంగకి అంతకన్నా మాట దొరుకుతుందా?

తుమ్మెద: అక్కడ విధం అనే అర్థం చాలు మాస్టారూ, అల మీరు తెచ్చిపెట్టిందే.

శార్దూలం: నిఘంటువు తిరగేయండి.

నడిసంద్రం: అయ్యా, నా సంగతి! అంధస్సు ఆహారం అనగానే ఒళ్లు జలదరించింది. ఆ లోతులో ఎండ లేదు, మొక్క లేదు. పైన చచ్చిన ప్లాంక్టన్, జీవుల మలం, జిగురు కలిసి రేణువులై వారాల తరబడి కిందికి రాలుతుంటాయి. అక్కడి చాలా ప్రాణులకు అదే కూడు. అందుకే పెరుగుదల మహా నెమ్మది. హవాయి లోతుల్లోని ఒక నల్ల పగడం వయసు 4 వేల ఏళ్లు దాటిందని తేల్చారు. అడుగు గీకుతూ పోయే ట్రాల్ వల ఒక్కసారి తగిలితే అదంతా పోయినట్టే. ఈ రాలేదాన్ని మెరైన్ స్నో అంటారు. "సముద్రపు మంచు" అంటే గడ్డకట్టిన సముద్రం అనుకుంటారు. అదే పద్యంలోంచి "సంపాతం" (పడటం) తీసుకోనా?

యతిమైత్రి: సంపాతంలో ఒక్కసారిగా కూలిన ఊపుంది. మీదేమో వారాలు పడుతోందాయె.

తుమ్మెద: "అంధోపాతం" ఎలా ఉంది?

యతిమైత్రి: "ప" ముందు విసర్గ ఓ కాదండీ. అంధఃపాతం.

తుమ్మెద: సున్నా తీసేయండి, అధఃపాతం. తిరిగి తిరిగి నా దగ్గరికే వచ్చారు.