65 దాటినవారందరికీ ఎమర్జెన్సీలో ఫ్రెయిల్టీ స్కోరు వేయాల్సిందేనా?

రాత్రి_డ్యూటీ:
మా ఎమర్జెన్సీలో కొత్త రూలు పెట్టారు. 65 దాటినవాళ్లు ఏ జబ్బుతో వచ్చినా సరే, ట్రయాజ్ (ఎవరిని ముందు చూడాలో తేల్చే చోటు) దగ్గరే, మనిషికి సత్తువ ఎంత ఉడిగిందో కొలిచే క్లినికల్ ఫ్రెయిల్టీ స్కేల్ చూసి 1 నుంచి 9 లోపు ఒక అంకె ఫారంలో వేయాలి. 1 అంటే దిట్టంగా ఉన్నట్టు. 5 అంటే డబ్బు లెక్కలకీ, బయటి ప్రయాణాలకీ తోడు కావాల్సినట్టు. 7 అంటే స్నానం, బట్టలు అన్నిటికీ ఇంకొకరే చేయాల్సినట్టు. నేను దీనికి వ్యతిరేకం. ఊపిరాడక వచ్చిన మనిషికి ఆక్సిజన్ పెట్టనా, మెట్లెక్కగలిగేవారా అని ఆరా తీయనా? పోనీ అంకె వేశాక చేసేదేముంది? వృద్ధుల డాక్టరు లేరు, ఫిజియో సాయంత్రానికే వెళ్లిపోతారు. నింపడానికి ఇంకో గడి పెరిగింది, అంతే. మీరేమంటారు?

కొలబద్ద:
నేను వృద్ధుల వైద్యంలో ఉన్నాను కాబట్టి నా పక్షపాతం ముందే ఒప్పేసుకుంటున్నా. ఆక్సిజనే ముందు పెట్టండి, ఎవరు కాదన్నారు? మనిషి కుదుటపడ్డాక వెంట వచ్చినవాళ్లని నాలుగు మాటలు అడగడానికి రెండు నిమిషాలు చాలు. ఇంగ్లండ్‌లో ఎన్‌హెచ్‌ఎస్ (అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) 2019 ప్రణాళికలో ఈ అంచనాని పేషెంటు వచ్చిన 30 నిమిషాల్లో ముగించాలని లక్ష్యంగా పెట్టుకున్నారు.

అసలు మనం స్కోరు వేయకపోతే అంచనా వేయడం మానేస్తామా అండీ? తలుపు దగ్గర చూడగానే ‘పెద్దాయన, ఇంకేం చేస్తాంలే’ అని మనసులో వేసేసుకుంటాం. అది ఏ కాగితం మీదా ఉండదు కాబట్టి తప్పని ఎవరూ నిలదీయలేరు. 82 ఏళ్లకి రోజూ నడకకి వెళ్లేవాళ్లున్నారు, 68కే మంచం దిగలేనివాళ్లున్నారు. వయసు ఒక్కటే చూస్తే ఇద్దరికీ అన్యాయమే.

ఇంకోటి. సత్తువ ఉడిగిన మనిషికి ఇన్ఫెక్షన్ వస్తే జ్వరం రాకపోవచ్చు. ‘పొద్దున్నుంచి లేవట్లేదు, తినట్లేదు, ఏదేదో మాట్లాడుతోంది’ అంటారు ఇంట్లోవాళ్లు. ముసలితనం అనుకుని ఊరుకుంటే అసలు జబ్బు చేయి దాటిపోతుంది. అంకె కోసం అడిగే ప్రశ్నలతోనే ఇది బయటపడుతుంది.

పెద్దమ్మాయి:
నేను డాక్టర్ని కాదు. ఆ అంకెతో మాకు జరిగింది చెబుతాను. మా అమ్మకి 79. నిమోనియాతో తీసుకెళ్లాం. కంగారులో చెవి మిషన్ ఇంట్లోనే మర్చిపోయాం. ట్రాలీ మీద పడుకుని, ఏం అడిగినా పైకప్పు చూస్తూ ఊఁ అంటోంది. నేను కౌంటర్ దగ్గర ఉన్నప్పుడే ఎవరో స్కోరు వేసేశారు. తిరిగొచ్చి చూస్తే ఫారం మీద 7, చుట్టూ ఎర్ర ఇంకుతో సున్నా. ఆ తర్వాత ఒక్కరు కూడా అమ్మ ముఖం చూసి మాట్లాడలేదు. ‘ఐసీయూకి పంపినా పెద్ద ప్రయోజనం ఉండదేమో’ అని మంచం పక్కనే అనుకున్నారు. రెండు వారాల ముందు వరకు ఆవిడ మెట్లెక్కి బట్టలు ఆరేసుకునేది, బ్యాంకు పని తనే చూసుకునేది. మర్నాడు తమ్ముడు చెవి మిషన్ తెచ్చి పెట్టాక ‘ఎందుకు ఇంతమంది నా నెత్తిన అరుస్తున్నారు’ అంది. అప్పుడు 7 కొట్టేసి 3 వేశారు.

ట్రయాజ్_బల్ల:
అమ్మా, చదువుతుంటే తల వంగిపోయింది. నేను నర్సుని, ఇలాంటి తప్పు నేనూ చేశాను. ఆ స్కేలులో అంకె పక్కన బొమ్మలుంటాయి. 8 పక్కన మంచం మీద పడుకున్న మనిషి. ట్రాలీ మీద ఉన్నవాళ్లంతా మా కళ్లకి ఆ బొమ్మలాగే ఉంటారు! అంకె వేయాల్సింది ఈ రోజు పరిస్థితికి కాదు, రెండు వారాల కిందటి మనిషికి అని ట్రైనింగులో ఒక్కసారి చెబుతారు, రద్దీలో మర్చిపోతాం.

మగవాళ్ల విషయంలో ఇంకో తిరకాసు. ‘వంట చేసుకోగలరా?’ అంటే జన్మలో చేయలేదంటారు. చేతకాదని అంకె పెంచేయకూడదు. ఎప్పుడూ చేయని పని లెక్కలోకి రాదు, చేసే పని మానేశారా అన్నదే చూడాలి.

రాత్రి_డ్యూటీ:
పెద్దమ్మాయి గారు చెప్పిందే నా అసలు భయం. 2020 మార్చి 20న కోవిడ్ ముంచుకొస్తుంటే బ్రిటన్‌లో వైద్యానికి మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ ఇంటెన్సివ్ కేర్ నిర్ణయాలకి ఈ స్కేలు వాడమంది. వికలాంగుల కుటుంబాలు గగ్గోలు పెడితే 25 కల్లా మార్చారు. సాయం ఎవరికి కావాలో తెలుసుకోవడానికి పుట్టిన అంకె, గేటు దగ్గర కాపలాదారు అయిపోతుంది.

కొలబద్ద:
మార్చింది కూడా చెప్పండి మరి. వయసులో చిన్నవాళ్లకీ, సెరెబ్రల్ పాల్సీ లాంటి స్థిరమైన వైకల్యం ఉన్నవాళ్లకీ దీన్ని వాడొద్దన్నారు. పెద్దవాళ్లలో కూడా అంకె ఒక్కటే చూసి ఐసీయూ మాట తేల్చడం తప్పే, అక్కడ మీతో నాకు పేచీ లేదు. ఆ తల్లి మీద ఇంకో తప్పు కూడా జరిగింది. మనిషి హఠాత్తుగా అయోమయంగా ఉంటే అది డెలీరియమా, అంటే జబ్బు వల్ల వచ్చిన మతి తడబాటా అని చూడాలి. 4ఏటీ అని చిన్న పరీక్ష ఉంది, నెలల పేర్లు వెనక్కి చెప్పించడం లాంటివి. 4 లేదా పైన వస్తే డెలీరియం అనుమానించాలి. చెవి మిషన్ లేకుండా అదీ కుదరదనుకోండి.

నడిపించేవాణ్ణి:
సాయంత్రానికే వెళ్లిపోయే ఫిజియోని నేనే :) అంకె వేశాక చేసేదేముంది అన్నారు కదా డాక్టర్ గారూ. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్లని పది రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్ల కండ సగటున కిలో దాకా కరిగిందని 2007లో ఒక అధ్యయనం తేల్చింది. జబ్బుతో ఉన్నవాళ్ల సంగతి ఇక చెప్పాలా? 5 గానీ పైన గానీ వస్తే నన్ను పిలవక్కర్లేదు. లేపి కుర్చీలో కూర్చోబెట్టండి. నర్సులకి సులువని మూత్రం గొట్టం వేయకండి. కళ్లద్దాలు, పళ్లసెట్టు ఎక్కడున్నాయో అడగండి. నీళ్లు చేతికందేలా పెట్టండి. దీనికి డిపార్టుమెంటు దేనికి?

రాత్రి_డ్యూటీ:
సరే, అంత మాత్రం మా దగ్గరా చేయొచ్చు. ట్రయాజ్ దగ్గర వేయడానికి మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను. ఆ గడిని రెండో కాగితం మీదికి మార్చమని అడుగుతాను, మందుల లిస్టు రాసే చోటికి. అప్పటికి ఇంట్లోవాళ్లు పక్కన ఉంటారు.

పెద్దమ్మాయి:
ఆ గడి పక్కన ఇంకోటి పెట్టించండి సార్, ‘ఈ సంగతి ఎవరు చెప్పారు’ అని. మా అమ్మ కాగితం మీద ఆ గడి ఉండి ఉంటే ఖాళీగా ఉండేది.

ట్రయాజ్_బల్ల:
మరి ఒంటరిగా వచ్చినవాళ్లకి? రాత్రి రెండింటికి అంబులెన్స్ దింపి వెళ్లిపోతుంది, జేబులో ఫోన్ నంబరు కూడా ఉండదు. అలాంటప్పుడు నేను ‘తెలియదు’ అని రాస్తున్నా, పొద్దున వార్డులో అడగమని. కంప్యూటర్ మాత్రం ఆ మాట తీసుకోదు, అంకె వేసేదాకా తర్వాతి పేజీ తెరుచుకోదు.