పోలోకి సింగిల్ సైలెన్సరా, డ్యూయలా? ఆదివారం లోపు తేల్చుకోవాలి

మూడోగేరు:
అందరికీ నమస్తే. నాది 2021 పోలో, 1.0 టీఎస్ఐ, మాన్యువల్, 41 వేలు తిరిగింది. వారంటీ అయిపోయింది కాబట్టి ఇప్పుడు ధైర్యం వచ్చింది. రీమ్యాప్ (పవర్ కోసం ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చడం) లాంటివేం చేయించలేదు. సౌండ్ కొంచెం బరువుగా ఉంటే చాలు, నేను వీధి మొదట్లో ఉండగానే అమ్మ అన్నం వడ్డించేసేంత అక్కర్లేదు. హైదరాబాద్‌లో ఒక షాపులో అడిగితే స్టెయిన్‌లెస్ స్టీల్ సింగిల్‌కి 24 వేలు, రెండు పక్కలా వచ్చే డ్యూయల్‌కి 38 వేలు అన్నాడు. పైగా డ్యూయల్ పెడితే 10, 12 హార్స్‌పవర్ పెరుగుతుందట. నిజమేనా? వెనక నుంచి చూస్తే డ్యూయల్ అందమే వేరు, అది మాత్రం ఒప్పుకుంటా. ఆదివారం బండి తీసుకురమ్మన్నాడు, అందుకే ఈ కంగారు.

ఆటోనగర్_వెల్డర్:
తమ్ముడూ, విజయవాడ ఆటోనగర్‌లో పద్నాలుగేళ్లుగా ఈ పైపులే అతుకుతున్నా, అమ్ముకునేవాడి మాట కాకుండా చెప్తా విను. మీ ఇంజిన్‌కి మూడు సిలిండర్లు, ఆ మూడింటికీ ఒకటే టర్బో (పొగ ఊపుతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి నెట్టేది), టర్బో నుంచి కిందికి దిగేది ఒకటే పైపు. ముందు నుంచి వెనక చక్రాల దాకా ఒక్క పైపులో వచ్చిన పొగని చివరి మూడడుగుల్లో రెండుగా చీల్చడమే నీకు వాళ్లు చెప్తున్న డ్యూయల్. మెయిన్ పైపు అరంగుళందే ఉంచి బాత్రూంలో రెండు కుళాయిలు బిగిస్తే నీళ్లు ఎక్కువొస్తాయా? ఇదీ అంతే.

ఫ్యాక్టరీ నుంచి రెండు గొట్టాలతో వచ్చే ఐ20 ఎన్ లైన్‌ని లిఫ్ట్ ఎక్కించి చూడు, అందులోనూ వెనక ఒకే సైలెన్సర్, దానికి రెండు నోళ్లు. అది అందం కోసం. తప్పని అనను, కానీ దాన్ని పవర్ పేరు చెప్పి అమ్మకూడదు. రీమ్యాప్ లేకుండా వెనక పైపు ఒక్కటే మారిస్తే నీ 110 హార్స్‌పవర్‌కి కలిసేది సీట్లో కూర్చున్నవాడికి తెలియదు.

సింగిల్‌కే వెళ్లు, పైపు వెడల్పు రెండుంపావు అంగుళాలు దాటొద్దు. షాపులో జేబులోంచి చిన్న అయస్కాంతం తీసి పైపుకి పెట్టు. 304 గ్రేడ్ స్టెయిన్‌లెస్ అయితే అంటుకోదు, వంపు దగ్గర కొద్దిగా లాగితే లాగొచ్చు. గట్టిగా పట్టుకుందంటే అది చవక రకం 409 గ్రేడ్ లేదా మామూలు ఇనుము, దానికి 304 ధర ఇవ్వకు. వంపులు కూడా చూడు, లోపలి వైపు ముడతలు పడి నొక్కుకుపోయి ఉంటే రెండుంపావు అని చెప్పిన పైపు అక్కడ రెండు అంగుళాలు కూడా ఉండదు. అతుకులు ఆర్గాన్ వెల్డింగ్‌తో వేయించు. రెసొనేటర్ (పైపు మధ్యలో రొదని తగ్గించే డబ్బా) తీసేద్దాం అంటే మాత్రం ఒప్పుకోకు.

బూడిదరంగు_స్విఫ్ట్:
రెసొనేటర్ మాట దగ్గర అన్న కాళ్లకి దండం పెట్టాలనిపించింది. మూడేళ్ల కింద నా పెట్రోల్ స్విఫ్ట్‌కి ఇలాగే డ్యూయల్ చేయించా, షాపు పేరు వద్దులెండి. వాడు రెసొనేటర్ తీసి డిక్కీలో పెట్టి "ఇది అడ్డం సార్, సౌండ్ తినేస్తుంది" అన్నాడు. ఊళ్లో వారం రోజులు రాజాలా తిరిగా. తర్వాత అమ్మానాన్నల్ని ఎక్కించుకుని విజయవాడ హైవే ఎక్కితే ఐదో గేరులో 90 నుంచి 105 మధ్య తలలో తుమ్మెద దూరినట్టు ఒకటే రొద. 85కి తగ్గిస్తే పోతుంది, 110కి పెంచితే పోతుంది, మనం ఎప్పుడూ పోయే స్పీడులోనే ఉంటుంది. చౌటుప్పల్ దాటకముందే అమ్మ చెవుల్లో దూది పెట్టుకుంది. సూర్యాపేటలో టీకి ఆగితే నాన్న దిగి ఆ రెండు గొట్టాలకేసి చూసి ఏమీ అనలేదు, అంటే ఇంకొంచెం నయంగా ఉండేది.

అసలు నవ్వొచ్చే సంగతి నెలకి తెలిసింది. బండి కడుగుతూ గొట్టాల్లో వేలు పెట్టి తిప్పితే కుడిదాంట్లో నల్లటి మసి, ఎడమదాంట్లో దుమ్ము తప్ప ఏమీ లేదు. పొగంతా తిన్నగా ఉన్న దారిలోనే పోతోంది, రెండోది అలంకారం. పైగా స్పీడ్ బ్రేకర్లకి మొదట తగిలేది ఆ అలంకారమే. అదృష్టం కొద్దీ పాత సైలెన్సర్ అటక మీద ఉంది, తిరిగి బిగించేశా. మీరేం చేయించినా సరే, కంపెనీ సైలెన్సర్‌ని పాత ఇనుము వాడికి మాత్రం వేయకండి.

డాలస్_కుర్రోడు:
డ్యూయల్ అంటే అసలు ఎక్కడ పనికొస్తుందో ఒక మాట చెప్తా. ఇక్కడ చదువుకునే రోజుల్లో సెకండ్‌హ్యాండ్‌లో 2007 ఫోర్డ్ మస్టాంగ్ కొన్నా, ఆరు సిలిండర్ల వీ6, 4.0 లీటర్లు. దానికి కంపెనీవాడే ఒక్క గొట్టం ఇచ్చాడు, అదే ఏడాది ఎనిమిది సిలిండర్ల వీ8 ఉన్న మస్టాంగ్ జీటీకి రెండిచ్చాడు. వీ ఇంజిన్‌లో ఎడమ వరస సిలిండర్లకొక మ్యానిఫోల్డ్ (పొగని ఒకచోట కలిపే గొట్టం), కుడి వరసకొకటి ఉంటాయి కాబట్టి మొదటి నుంచి చివరి దాకా రెండు పైపులు విడిగా నడపొచ్చు. అదీ నిజమైన డ్యూయల్. అందులో కూడా మధ్యలో హెచ్ ఆకారంలోనో ఎక్స్ ఆకారంలోనో కలుపుతారు, ఎందుకంటే ఆ వీ8లో ఒక్కో వరసలో పేలుళ్లు సమానమైన వ్యవధిలో రావు. హెచ్ పెడితే లోతుగా గురగురలాడుతుంది, ఎక్స్ అయితే కాస్త నున్నగా, కీచుగా ఉంటుంది. నా వీ6కి డ్యూయల్ వేయించుకుని పక్కన జీటీ ఆగినప్పుడు సిగ్గుపడ్డాను, అది వేరే కథ.

ఇంకో లెక్క. రెండంగుళాల పైపులు రెండు కలిపితే 2.8 అంగుళాల పైపు ఒక్కదానితో సమానం. లీటరు ఇంజిన్‌కి అంత వెడల్పు దేనికి చెప్పండి? పైపులు ఎక్కువైన కొద్దీ బరువు కూడా.

చలాన్_బాధితుడు:
ఒక్క సంగతి ఎవరూ చెప్పలేదు. మోటారు వాహనాల చట్టం 190(2) కింద శబ్దానికి మొదటిసారే 10 వేల దాకా జరిమానా, మూడు నెలల దాకా జైలు పడొచ్చు, లైసెన్స్ కూడా మూడు నెలలు పోతుంది. అనుమతి లేని మార్పులకి 182ఎ కింద ఒక్కో మార్పుకి 5 వేలు వేరే. పోలీసులు రోడ్ రోలర్ కింద తొక్కించేవి బైకుల సైలెన్సర్లే కదా, కారుకేంలే అనుకోకండి, నేనూ అలాగే అనుకున్నా. ఏం పెట్టినా క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే భాగం) జోలికి మాత్రం పోవద్దు. మీ బండిలో అది టర్బో పక్కనే ఉంటుంది, దాన్ని తీసేస్తే పొల్యూషన్ సర్టిఫికెట్ దగ్గర తంటా, డాష్‌బోర్డులో చెక్ ఇంజిన్ లైటు.

మూడోగేరు:
అందరికీ థ్యాంక్స్. ఇందాక షాపువాడికి ఫోన్ చేసి "రెండు గొట్టాల్లోంచీ పొగ సమానంగా వస్తుందా అన్నా" అని అడిగా. కాసేపు ఆగి "అది లుక్ కోసం సార్" అన్నాడు. సింగిలే చెప్పేశా, రెసొనేటర్ ఉంచమన్నా. అయస్కాంతం ఫ్రిజ్ మీది బొమ్మకి ఉన్నది పనికొస్తుందా, లేక స్పీకర్‌లోది పీకాలా?

ఆటోనగర్_వెల్డర్:
ఫ్రిజ్‌దే చాలు తమ్ముడూ. అమ్మకి చెప్పి తీసుకెళ్లు.