స్టేజి మీద మిడి కంట్రోలర్: నాబ్‌లు ఎన్ని ఉంటే సరిపోతాయి?

కృష్ణలంక కీస్:
అన్నలూ, ఒక సలహా కావాలి. మూడేళ్లుగా ఇంట్లో ల్యాప్‌టాప్, ఒక ఎంపీకే మినీ పెట్టుకుని ట్రాకులు చేసుకుంటున్నా. అది చిన్న మిడి కంట్రోలర్, దానికి సొంత సౌండ్ లేదు, ఏం నొక్కానో ఏం తిప్పానో మిడి అనే భాషలో ల్యాప్‌టాప్‌కి చెప్పడమే దాని పని. 25 చిన్న కీలు, వేలితో కొట్టే ప్యాడ్లు 8, తిప్పే నాబ్‌లు 8. నిజం చెప్పాలంటే ఆ ఎనిమిదిలో నేను తిప్పేవి రెండే, మిగతా ఆరింటికీ దుమ్ము దులపడమే సరిపోతోంది. ఇప్పుడు ఫ్రెండ్స్ బ్యాండ్‌లో కీస్‌కి రమ్మన్నారు, వచ్చే నెల పోరంకి వైపు ఫంక్షన్ హాల్లో సంగీత్ ఒప్పుకున్నాం. కీబోర్డ్ అద్దెకి తెచ్చుకుని వాయించి వచ్చేయరా అంటాడు మా నాన్న. నాకేమో నేను చేసుకున్న సౌండ్లతోనే వాయించాలని ఉంది. 61 కీలూ, బోలెడు ఫేడర్లూ (పైకీ కిందికీ జరిపే మీటలు) ఉన్న పెద్ద కంట్రోలర్ కొనాలా, లేక ఇంకేదైనా దారి ఉందా? స్టేజి మీద ల్యాప్‌టాప్‌తో వాయించినవాళ్లు చెప్పండి.

బ్రాడీపేట బాసు:
తమ్ముడూ, కొనే ముందు నాకు జరిగింది విను. తెనాలిలో ఒక రిసెప్షన్. ముందు పాటలో స్ట్రింగ్స్ కోసం మూడో ఫేడర్ పైదాకా తోసి అలాగే వదిలేశా. తర్వాత పాటకి ప్యాచ్, అంటే సౌండ్ల సెటప్, మారింది, ఆ ప్యాచ్‌లో అదే ఫేడర్‌కి లీడ్ (ట్యూన్ వాయించే సౌండ్) వాల్యూమ్ తగిలించి ఉంది. స్క్రీన్ మీద లీడ్ 40 దగ్గర ఉంది, కానీ నా వేలి కింద ఫేడర్ 127 దగ్గరే ఉంది. కొంచెం తగ్గిద్దామని ఇలా కదిపానో లేదో, తగ్గాల్సింది పోయి 40 నుంచి 120కి ఎగిరింది. ముందు వరుసలో ఒక పెద్దాయన చేతిలో ఐస్‌క్రీం కప్పు కింద పడేశాడు. సౌండ్ ఆపరేటర్ నన్ను చూసిన చూపు ఇక్కడ రాయలేను.

తప్పు కంట్రోలర్‌ది కాదు, నాదే. మామూలు ఫేడర్‌కి మోటార్ ఉండదు, లోపల ప్యాచ్ మారిందని దానికి తెలియదు, కదిపినప్పుడు తానున్న చోటి నంబరే పంపిస్తుంది. మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ ఏబుల్టన్ లైవ్ వాడితే సెట్టింగ్స్‌లో టేకోవర్ మోడ్ ఉంటుంది, దాన్ని పికప్‌లో పెట్టు. అప్పుడు ఫేడర్ అసలు విలువ దాకా వచ్చి దాన్ని దాటేవరకు ఏమీ మారదు. ఇంట్లో కూర్చుని ట్రాక్ చేసేటప్పుడు ఈ బాధ తెలియదు, ఎందుకంటే ఎగిరితే అన్‌డూ కొడతాం. పోరంకిలో అన్‌డూ ఉండదు.

పటమట స్టూడియో:
బాసు గారు చెప్పింది కరెక్టే కానీ అందరూ పికప్ పికప్ అంటారు, దానికీ ఒక చిక్కుంది. చీకట్లో ఫేడర్ కదుపుతుంటే ఏమీ వినపడకపోతే పని చేయట్లేదేమో అనిపించి గబగబా తోసేస్తాం, మధ్యలో ఎక్కడో పట్టుకుని ఊడిపడుతుంది. అసలు ఆగకుండా గుండ్రంగా తిరిగే నాబ్ ఉన్నది తీసుకుంటే ఈ గొడవే ఉండదు, అది స్థానం పంపదు, ఎటు ఎంత తిప్పావో అదే పంపుతుంది. కాకపోతే సాఫ్ట్‌వేర్‌లో దాన్ని ఆ పద్ధతిలోనే సెట్ చేయాలి, లేకపోతే ఫిల్టర్ (సౌండ్‌ని మొద్దుగానో పదునుగానో మార్చేది) పిచ్చెక్కినట్టు గెంతుతుంది.

ఇంకోటి, ఆరు నాబ్‌లు దుమ్ము పట్టాయని నాబ్‌లే వద్దనుకోకు. స్ట్రింగ్స్ లైబ్రరీ (రికార్డ్ చేసి పెట్టిన వయొలిన్ల లాంటి సౌండ్లు) వాయించేటప్పుడు ఎడమ చేతి రెండు వేళ్లు రెండు ఫేడర్ల మీద ఉండాల్సిందే, ఒకటి సీసీ 1, ఒకటి సీసీ 11 (సీసీ అంటే ఫేడర్లు, నాబ్‌లు పంపే మిడి సందేశం, నంబర్‌ని బట్టి దాని పని). చాలా లైబ్రరీల్లో మొదటిది వాయిద్యం మెల్లగా వాయించారా గట్టిగా వాయించారా అనేది మారుస్తుంది, రెండోది ఉత్త వాల్యూమ్. రెండూ ఒకటే అనుకుని నేను ఏడాదిపాటు చచ్చిన వయొలిన్లు రికార్డ్ చేశా.

కృష్ణలంక కీస్:
నా దగ్గర ఫిల్టర్ నెమ్మదిగా తెరుస్తుంటే మెట్లు మెట్లుగా వినిపిస్తోంది, అది కూడా ఇదేనా?

పటమట స్టూడియో:
కాదు. అది 1983 నాటి మిడి లెక్క. సీసీ సందేశంలో విలువకి 7 బిట్లే, అంటే 0 నుంచి 127 దాకా 128 మెట్లు. మంచి ప్లగిన్లు (సాఫ్ట్‌వేర్‌లో తగిలించే వాయిద్యాలు) మధ్యలో నున్నగా కలిపేస్తాయి, కొన్ని కలపవు. పిచ్ బెండ్, అంటే శ్రుతి వంచే సందేశం, ఒక్కటి మొదటి నుంచీ 14 బిట్లు, 16,384 మెట్లు, ఎందుకంటే శ్రుతిలో మెట్టు పడితే చెవి వెంటనే పట్టేస్తుంది. 2020లో వచ్చిన మిడి 2.0లో కంట్రోలర్లకి 32 బిట్లు ఇచ్చారు, కానీ నీ సంగీత్‌కి దానితో పని లేదు.

తోడి తిప్పలు:
పిచ్ బెండ్ మాట వచ్చింది కాబట్టి నేనూ చెప్తా. నేను వీణ నేర్చుకున్నదాన్ని, కీబోర్డ్ తర్వాత పట్టుకున్నా. కీబోర్డ్ మీద గమకం పలకదు అని మా టీచర్ గారు ఎప్పుడూ అనేవారు, ఆవిడ మీద పంతంతోనే ఈ బెండ్ వీల్ (శ్రుతి వంచే చక్రం) వెనక పడ్డాను.

తోడి గాంధారం తీసుకోండి. చాలా సింథ్‌లలో బెండ్ రేంజ్ రెండు స్వరస్థానాలకే పెట్టి ఉంటుంది. సాధారణ గాంధారం కీ నొక్కి వీల్ కిందికి చివరిదాకా లాగితే శుద్ధ రిషభం, పైకి చివరిదాకా తోస్తే శుద్ధ మధ్యమం. లెక్క చక్కగా కుదిరింది అనుకుని సంబరపడ్డా. వాయిస్తే దరిద్రంగా ఉంది. ఎందుకంటే వీల్‌కి స్ప్రింగ్ ఉంటుంది, చెయ్యి కాస్త వదులైతే చాలు మధ్యకి వచ్చేస్తుంది, ఆ మధ్యలో ఉన్నదేమో ఊపు లేని బోసి గాంధారం. తోడిలో అక్కడ నిలబడకూడదు కదా. చివరికి వీణ మీద ఏం చేస్తామో ఆలోచించా. వీణలో కింది మెట్టు మీద మీటి తీగ పక్కకి లాగుతాం, తీగ పైకే పోతుంది, కిందికి పోదు. అందుకని బెండ్ రేంజ్ 4 చేసి, రిషభం కీ నొక్కి, వీల్ పైకి మాత్రమే తోస్తున్నా. చెయ్యి వదిలినా రిషభం మీదికే వస్తుంది, అపస్వరం కాదు. పూర్తిగా తోస్తే మధ్యమం. నెల రోజులు పట్టింది బొటనవేలికి ఆ కొలత రావడానికి. మా టీచర్ గారు విని "ఊ" అన్నారు, నాకది చాలు.

ఎంపీకే మినీలో వీల్ బదులు జాయ్‌స్టిక్ ఉంటుంది, దాంతో ఇది నాకు కుదరలేదు.

బ్రాడీపేట బాసు:
అద్భుతం అమ్మా. ఎడమ చేత్తో కార్డ్ పట్టుకుంటే అది కూడా ఊగదా మరి?

తోడి తిప్పలు:
ఊగుతుందండి, బెండ్ ఆ మిడి చానల్‌లో మోగే స్వరాలన్నిటికీ పడుతుంది. కీబోర్డ్‌ని రెండుగా విడగొట్టి ఎడమ సగాన్ని వేరే మిడి చానల్‌లో వేశాను, సరిపోయింది. ఒక్కో స్వరాన్ని విడిగా వంచాలంటే ఎంపీఈ ఉన్న కంట్రోలర్లు ఉన్నాయి, స్వరానికో చానల్ ఇస్తాయి, 2018లో అది ప్రమాణం అయింది. ఒంటి స్వరం సంగీతానికి అంత ఖర్చు ఎందుకని నేను కొనలేదు. పైగా వీల్ తిప్పేటప్పుడు ఎడమ చెయ్యి దానికే పోతుంది, అప్పుడు కార్డులు పట్టుకునేదే తక్కువ.

ఆదివారం ఆర్గాన్:
వందనాలు. గుంటూరులో చర్చిలో వాయిస్తాను. కృష్ణలంక బ్రదర్, చేతుల సంగతి అందరూ చెప్పారు, కాళ్ల సంగతి నేను చెప్తాను. ప్రార్థన జరుగుతుండగా వెనక ప్యాడ్ సౌండ్ (సాగుతూ ఉండే మెత్తటి సౌండ్) మెల్లగా పెంచాలి, రెండు చేతులూ కీల మీదే ఉంటాయి. అక్కడ ఫేడర్ పనికిరాదు, సీసీ 11 పంపే ఎక్స్‌ప్రెషన్ పెడల్ ఒక్కటి చాలు.

సస్టెయిన్ పెడల్ (తొక్కితే స్వరం మోగుతూనే ఉండేది) విషయంలో జాగ్రత్త. చాలా కంట్రోలర్లు ఆన్ చేసిన క్షణంలో పెడల్ ఏ స్థితిలో ఉంటే దాన్ని వదిలేసిన స్థితిగా తీసుకుంటాయి. ఒక క్రిస్మస్ ఆరాధనలో హడావిడిగా పెడల్ మీద కాలు వేసే స్విచ్ వేశాను. ఇక అంతా తలకిందులు, తొక్కితే ఆగుతుంది, వదిలితే మోగుతుంది. మొదటి పాట మొత్తం పెడల్‌ని కాలితో నొక్కిపెట్టి వాయించాను, క్వయర్ వాళ్లు కాలు నొప్పేమో అనుకున్నారు.

సింగ్ నగర్ సింపుల్:
ఇంత బాధ ఎందుకు బాబూ, సొంత సౌండ్లున్న రోలాండ్ కీబోర్డ్ ఎక్స్‌పీఎస్ 10 ఒకటి సెకండ్ హ్యాండ్‌లో పడేసుకో, ఆన్ చేస్తే మోగుద్ది.

బ్రాడీపేట బాసు:
మాట తీసేసేది కాదు. నేను ఇప్పటికీ కారు డిక్కీలో మామూలు కీబోర్డ్ ఒకటి వేసుకునే వెళ్తా. ఒకసారి కరెంట్ పోయి జనరేటర్ అందుకునేలోపు నాలుగైదు సెకన్లు పట్టింది. ల్యాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంది, కంట్రోలర్ యూఎస్‌బీ మీద నడుస్తోంది, రెండూ బతికే ఉన్నాయి. ల్యాప్‌టాప్ సౌండ్‌ని బయటి స్పీకర్లకి పంపే ఆడియో ఇంటర్‌ఫేస్ మాత్రం అడాప్టర్‌ది, ఆరిపోయింది. కరెంట్ వచ్చాక లైట్లన్నీ వెలుగుతున్నాయి, కీలు నొక్కుతుంటే స్క్రీన్ మీద గీతలు కదులుతున్నాయి, చప్పుడు లేదు. సాఫ్ట్‌వేర్ ఇంటర్‌ఫేస్‌ని వదిలేసింది, మళ్లీ సెట్టింగ్స్‌లోకి పోయి ఎంచుకోవాలి. అప్పటి నుంచి ఇంటర్‌ఫేస్ కూడా యూఎస్‌బీ పవర్‌దే.

బఫర్ కూడా ఇంట్లోనే తేల్చుకో, అంటే ల్యాప్‌టాప్ ఒక్కో విడతలో ఎన్ని శాంపిళ్ల సౌండ్ తయారు చేసి పంపాలి అనేది. సెకనుకి 44,100 శాంపిళ్ల దగ్గర 256 పెడితే ఒక బఫర్‌కి 5.8 మిల్లీసెకన్లు, 1024 అయితే 23. పైన డ్రైవర్‌దీ కన్వర్టర్‌దీ కొంత కలుస్తుంది. 1024తో వాయిస్తే డ్రమ్మర్ వెనకాల పరిగెడుతున్నట్టు ఉంటుంది, మరీ 64కి దించితే ల్యాప్‌టాప్ చిటపటలాడుతుంది.

కృష్ణలంక కీస్:
ప్రోగ్రాం అయిపోయిందండీ, నిన్న రాత్రే. సెకండ్ హ్యాండ్ 61 కీల మామూలు కంట్రోలర్ తీసుకున్నా, పక్కన నానోకంట్రోల్ 2 అనే చిన్న ఫేడర్ల కంట్రోలర్ పెట్టుకున్నా. దానికి 8 ఫేడర్లు, నేను వాడింది మూడే. మిగతావాటికి మ్యాపింగ్ తీసేశా, చెయ్యి తగిలినా ఏమీ కాకుండా. పికప్ పెట్టా, పెడల్ మీద కాలు లేకుండా ఆన్ చేశా. ఫేడర్ల కింద రంగు టేపులు అంటించుకుని వెళ్తే అక్కడ స్టేజి మొత్తం ఊదా లైట్, ఎరుపూ నీలమూ ఒకేలా ఉన్నాయి. సౌండ్ చెక్ మధ్యలో క్యాటరింగ్ వాళ్ల దగ్గర రబ్బరు బ్యాండ్లు అడిగి తెచ్చి ఫిల్టర్ ఫేడర్‌కి రెండు చుట్లు, స్ట్రింగ్స్‌కి ఒక చుట్టు వేశా. చూడకుండానే వేలికి తెలిసిపోయింది.

రెండో పాటలో ఒకసారి పటమట అన్న చెప్పినట్టే ఫేడర్ పట్టుకోక గాబరాపడ్డా, టెన్షన్‌లో గట్టిగా తోశా, కొంచెం ఎగిరింది. డ్యాన్స్ గోలలో ఎవరూ పట్టించుకోలేదు. నాన్న వచ్చాడు, వెనక వరుసలో కూర్చున్నాడు. అద్దె కీబోర్డ్‌కి ముందే అడ్వాన్స్ ఇచ్చేశాడని ఇంటికొచ్చాక చెప్పాడు.

ఒక్కటే మిగిలింది. స్టేజి మీద కొత్త కార్పెట్, పెడల్ తొక్కినప్పుడల్లా ముందుకి జారిపోయింది, చివరి పాటకి కాలు పూర్తిగా చాచి వాయించా. దీనికి ఏం చేస్తున్నారు?

ఆదివారం ఆర్గాన్:
వెనకాల రబ్బరు ఉన్న డోర్ మ్యాట్ ఒకటి తీసుకెళ్లు బ్రదర్. పెడల్‌ని దానికి టేపుతో అంటించేసి, మ్యాట్ మీద నీ మడమ కూడా ఆనేలా పెట్టుకో. నీ బరువే దాన్ని కదలనివ్వదు.